ఇంకోసారి బావ

బావ ఏ మాటనీ ఒక్కసారి విని నమ్మడు, ఏ పనినీ ఒక్కసారి చేసి వదలడు. తాళం వేసి, తీసి, మళ్ళీ వేస్తే తప్ప గుమ్మం దిగడు. అక్క పెళ్ళికి ఒప్పుకున్నాక కూడా, కొన్నాళ్ళు ఆగి, అదే కుర్చీలో కూర్చోబెట్టి అదే ప్రశ్న మళ్ళీ అడిగాడట.

"రెండోసారి కాదనాల్సింది," అంటుంది అక్క ఇప్పటికీ.

"అంటే మొదటి కొలత తప్పన్నమాట," అని బావ తృప్తిగా తల ఊపుతాడు.

అలాంటి మనిషికి తగిన ఉద్యోగమే దొరికింది. ఆస్పత్రిలో మెదడు డాక్టరు. తలకి జిగురుతో తీగలు అంటించి, మెదడు తరంగాలని గీతలుగా తీసి చూస్తాడు. మిగతా డాక్టర్లు గీతలు చూసి జబ్బు పేరు చెప్తారు. బావ గీతలు చూసి "ఇంకోసారి రండి" అంటాడు. ఆస్పత్రి మొత్తం ఆయన్ని ఇంకోసారి డాక్టరనే పిలుస్తుంది. ఎవరైనా పిలిస్తే ఒక్కసారికి పలకడు. రెండో పిలుపుకి, ఖాయం చేసుకున్నాక పలుకుతాడు.

అలాంటి బావ చేతిలో పడ్డాడు డ్రైవరు. అంటే సిటీ బస్సు డ్రైవరు, అక్కకి సొంత తమ్ముడు. బస్సు కంపెనీ డ్రైవర్లందరికీ తల పరీక్ష పెట్టింది. ఇతని వంతులో గీతలు ఒకచోట పిచ్చిగా ఎగిరాయి. మూర్ఛ రావచ్చని అనుమానం రాసి, స్టీరింగు లాక్కుని, టైర్లకి గాలి చూసే పనిలో పడేశారు. కంపెనీ డాక్టర్ల బోర్డు కూర్చునేలోగా తల బాగుందని రుజువు చేసుకోకపోతే ఇక జన్మలో బస్సు ముట్టుకోనక్కర్లేదన్నారు. బస్సు తప్ప ఇతనికి ఇంకో ప్రపంచం తెలీదు. కలలో కూడా స్టాపు వస్తే ఆగుతాడు.

బావ ఒక రికార్డింగు తీశాడు. గీతలు బుద్ధిగా వచ్చాయి.

"చూశావా బావా! ఏం లేదు. సంతకం పెట్టి ఇచ్చెయ్."

"వాళ్ళదొకటి, నాదొకటి. ఇద్దరు సాక్షులు చెరో మాట చెప్తే కేసు తేలుతుందా? ఆ రోజు పరీక్షకి ముందు ఏం జరిగింది?"

"డిపో మేనేజరుతో గొడవ. సెలవడిగితే, నీకు జీతమే దండగ అన్నాడు. ఆ మంటతోనే వెళ్ళి కూర్చున్నా."

బావ కళ్ళు మెరిశాయి. ఆ మెరుపేమిటో డ్రైవరుకి అర్థం కాలేదు గానీ, తనకి మంచిది కాదని మాత్రం అర్థమైంది.

ఇక ప్రతి గురువారం అదే చొక్కా, అదే కుర్చీ, తలనిండా అదే జిగురు. ఒక వారం బావ నోరు విప్పడు. ఇంకో వారం గుమ్మంలోనే తగులుకుంటాడు.

"వచ్చావా దండగమనిషీ? మీ అక్క మొహం చూసి రానిస్తున్నా గానీ, నీకు ఈ కుర్చీ కూడా దండగే."

డ్రైవరు పళ్ళు పటపటా కొరికేవాడు. కాసేపటికి బావ యంత్రం దగ్గర్నుంచి సంబరంగా "భేష్!" అనేవాడు. పని పోయినవాడిని తిట్టి, పైగా భేషట!

"నీ మొగుడికి నా బాధ తమాషాగా ఉందే," అని అక్క దగ్గర వాపోయాడు.

"నన్ను మాత్రం వదిలారేంట్రా? నిన్న కూర బాగుందన్నారు. ఇంకోసారి చెయ్యమన్నారు. అది పొగడ్తో శిక్షో ఇంతవరకూ తేలలేదు."

ఎంత ఘాటు తిట్టయినా రోజూ తింటే చప్పబడుతుంది. కొన్ని వారాలకి "దండగమనిషీ" అంటే "ఆ, వచ్చా బావా" అని డ్రైవరు తాపీగా కుర్చీలో వాలసాగాడు. గీతలు నిద్రపోయాయి. బావ మొహం మాడిపోయింది. కొత్త తిట్లు కావాలి, ఆ విద్య ఆయనకి రాదు. ఒక గురువారం తిట్టు మధ్యలో ఆగి, ఫోన్ తీసి, గోడవైపు తిరిగాడు.

"ఏమోయ్, మర్చిపోయా... చిన్నప్పుడు వీణ్ణి ఏమని తిట్టేదానివి? గాడిద ముందా, తర్వాతా?"

అక్క కూడా బావ పార్టీయేనని ఆ రోజు తెలిసింది డ్రైవరుకి.

బోర్డు రోజు రానే వచ్చింది. పెద్ద డాక్టరు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "బావమరిదికి బావగారి సర్టిఫికెట్టు! బాగుందండీ."

"నన్ను నమ్మొద్దు. మీ యంత్రం, మీ మనుషులు. ఇక్కడే తీయండి."

తీశారు. గీతలు బుద్ధిగా వచ్చాయి.

"ఇంకోసారి," అన్నాడు బావ.

"బావా, నీ కాళ్ళు పట్టుకుంటా! బాగా వచ్చిందిగా, వదిలెయ్!"

బావ అతని కళ్ళలోకి చూశాడు. "అసలు నీకు బస్సు నడపడం వచ్చట్రా?"

ఇన్నాళ్ళలో ఎన్నెన్నో అన్నాడు గానీ ఆ ఒక్క మాటా అనలేదు. డ్రైవరు దవడ పట్టుకారులా బిగిసింది. గీతలు కట్టలు తెంచుకున్నాయి.

"అదిగో మూర్ఛ!" అన్నాడు పెద్ద డాక్టరు.

"నోరు తెరవమనండి."

తెరిచాడు. గీతలు సర్దుకున్నాయి. పళ్ళు బిగించమన్నారు. ఎగిరాయి. తెరవమన్నారు. సర్దుకున్నాయి. "ఇంకోసారి," అన్నాడు బావ. పెద్ద డాక్టరు చేతులెత్తేసేదాకా అంటూనే ఉన్నాడు.

"అది మెదడు గీత కాదండీ, దవడ కండరం గీత. మీరు ఆ రోజు కొలిచింది వీడి కోపాన్ని. కోపం ఉన్నవాళ్ళనల్లా పక్కన పెడితే, ముందు మీ డిపో మేనేజరు టైర్లకి గాలి చూడాలి."

బయటికొచ్చాక డ్రైవరు జుట్టులోని జిగురు పీక్కుంటూ అడిగాడు. "ఆ తిట్లన్నీ దీనికా? ముందే చెప్పొచ్చుగా?"

"చెప్తే కోపం ఎలా వస్తుంది నీకు?"

"మరి ఆ చివరి మాట మొదట్లోనే అనుంటే, ఇంత అవస్థ ఉండేది కాదుగా?"

బావ కాస్త ఇబ్బందిగా చొక్కా సర్దుకున్నాడు. "మొదట్లో అంటే ప్రతి వారం అనాలి. అంత పచ్చి అబద్ధం రెండుసార్లు ఆడటం నావల్ల కాదురా."

స్టీరింగు తిరిగొచ్చిన ఉదయం, డ్రైవరు వెనక సీట్లో బావ కూర్చుని ఉన్నాడు. ఆయన ఆస్పత్రి ఉన్నది ఊరికి ఆ చివర, బస్సు వెళ్ళేది ఈ చివరకి. ఆఖరి స్టాపులో అందరూ దిగారు. బావ దిగలేదు.

"ఎలా నడిపాను బావా?"

"ఒక్క ట్రిప్పు చూసి ఎలా చెప్తాంరా?" అని బావ కండక్టరు వైపు చెయ్యి చాపాడు. "అమ్మా, ఇంకో టికెట్టు."