ఉపవాసం పూట మాత్ర

ఆ కబురు మొదట మా ఇంటికి తెచ్చింది పాలు పోసే ఆమె. గిన్నెలో పాలు వంచుతూ మా అత్తమ్మతో మెల్లగా అంది.

"అమ్మా, మీ చిన్న కోడలు సందుల గోడ పట్టుకొని నడుస్తున్నది. సేంది తాగినోళ్ల లెక్క తూలుతున్నది. జర చూసుకోండ్రి."

"పాలల్ల నీళ్లు పోసేదానివి, మా ఇంట్ల ఎవరేం తాగుతరో నువ్వు చెప్పొచ్చినవా?" అంది అత్తమ్మ. పాలామె సందు మలుపు తిరగగానే మాత్రం అత్తమ్మ చిన్న కోడలిని పిలిచి నోరు వాసన చూసింది.

మాది రాయచూరు బజారులో కిరాణా దుకాణం. మా మరిది ఒక్కడు దుకాణం వదిలి థర్మల్ ప్లాంటులో కొలువుకు పోయేవాడు. అతని భార్యే ఈ చిన్న కోడలు. ఆమెకు చిన్నప్పటి నుంచి మూర్ఛ. పెళ్లికి ముందే ఆమె పుట్టింటివాళ్లు దాచకుండా చెప్పారు. పొద్దున, రాత్రి మాత్ర వేసుకుంటుంటే ఏళ్లుగా రాలేదనీ చెప్పారు. దాని పేరు ఫినైటాయిన్ అని నాకు తర్వాత తెలిసింది. నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే తెలుగు, కన్నడం దిద్దించాడు, ఆయనకు రుణపడి ఉన్నాను. ఆ మాత్రల సీసా మీది ఇంగ్లీషు మాత్రం నాకు అంతుబట్టేది కాదు. చదవలేని దాన్ని నమ్మబుద్ధి కాదు.

చిన్నామె చిగుళ్లు ఉబ్బి పళ్ల మీదికి పాకాయి. పై పెదవి మీద నూగు వచ్చింది. అత్తమ్మ గుట్కా అనుకుని ఆమె దిండు కింద వెతికింది. ఏమీ దొరక్క, మరిది బట్టలకంటిన ప్లాంటు బూడిద వల్లేమో అంది. ఆ బట్టలు ఉతికేది నేను. నా చిగుళ్లు బాగానే ఉన్నాయి.

ఆ ఏడు శ్రావణంలో చిన్నామెకు రెండుసార్లు మూర్ఛ వచ్చింది. బజారు డాక్టరు మాత్రలు పెంచాడు. శ్రావణం దాటాక మూర్ఛ రాలేదు కానీ ఈ తూలడం మొదలైంది. మాట ముద్దగా వచ్చేది.

"ఆ డాక్టరుకు గోలీల దుకాణం గూడ ఉన్నది. మనం దుకాణమోళ్లం, గీ యాపారం మనకు తెల్వదా?" అంది అత్తమ్మ. "గోలీలన్నీ పారేసి పిల్లను గిల్లేసూగూరుల వాళ్లమ్మ కాడ వదిలొద్దాం. మంచిగైనంక వస్తది."

అట్లా వదిలిన పిల్ల మళ్లీ రాదని మా ముగ్గురికీ తెలుసు. చిన్నామె వంటింట్లో నా కొంగు పట్టుకుంది. "అక్కా, పడేదానికి భయం లేదు. ఆడికి పోతే ఈన నన్ను మళ్ల తోలుకరాడు."

నేను దేవుడికి దండం పెట్టుకొని అత్తమ్మ దగ్గరికి పోయాను. "ఒక్కపారి పెద్దాస్పత్రిల చూపిద్దాం అత్తమ్మా. ఆ డాక్టరు మోసం ఏమన్న ఉంటే ఆడ బయటపడ్తది." ఆ మాట ఆమెకు నచ్చింది.

పెద్దాస్పత్రి డాక్టరమ్మ పోతనాళ వైపు కాలువ కింద వరి పండించే ఆంధ్ర వాళ్ల అమ్మాయి. పెన్ను అటూ ఇటూ కదిపి, చిన్నామెను కళ్లతో వెంబడించమంది. కళ్లు చివరికి వెళ్లినప్పుడల్లా వణికాయి.

"మందు ఎక్కువైందండీ. చిగుళ్లూ ఈ మందు వల్లే. ఎందుకు పెంచారు?"

"నేనూ గదే అడుగుతున్న," అంది అత్తమ్మ. "శ్రావణంల గోలీ తక్కువ తిన్నది, పడ్డది. ఇప్పుడు నిండుగ తింటున్నది, తూలుతున్నది. గిదేం మందు?"

"తక్కువ తిందా? ఎందుకండీ?"

"ఉపాసం గద. శ్రావణమంత సోమారం, శుక్కురారం, శనారం దీపం పెట్టేదాక మా ఇంట్ల నోట్ల ఏం పడదు. పొద్దటి గోలీ గూడ."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఈ మాట ఆ డాక్టరుగారికి చెప్పారా?"

ఎవరూ చెప్పలేదు. ఉపవాసం డాక్టరుకు చెప్పే సంగతని మాకు తోచలేదు. పొద్దటి మాత్ర మానినందుకు మూర్ఛ వచ్చింది. పాత మోతాదు చాలలేదనుకొని బజారు డాక్టరు పెంచాడు. శ్రావణం దాటి ఉపవాసాలు పోయాక ఆ పెంచినదంతా ఒంట్లో పడి తూలింది.

"అన్నీ ఒకేసారి పారేసి ఉంటే మూర్ఛ మీద మూర్ఛ వచ్చి ప్రాణం పోయేదండీ," అని ఆమె మోతాదు తగ్గించింది, చిగుళ్లు శుభ్రంగా తోముకోమంది, బిడ్డను కనాలనుకుంటే ముందుగా వచ్చి చెప్పమంది.

ఆ తర్వాత అత్తమ్మ గిల్లేసూగూరు ఊసు మళ్లీ ఎత్తలేదు. కొన్నాళ్లకు చిన్నామె గోడ వదిలి నడిచింది. ఏకాదశి పొద్దున అత్తమ్మే తులసి తీర్థం చేతిలో పోసి, మాత్ర అందించింది.

"ఉపాసం అత్తమ్మా," అంది చిన్నామె.

"దేవుడు ఆకలి అడిగిండు గని, పడుమనలే. మింగు."

మింగిందాకా అక్కడే నిలబడి, నాలుక ఎత్తి చూపించమంది. బతికినన్నాళ్లూ ప్రతి ఉపవాసానికీ అట్లాగే చేసింది.

అత్తమ్మ ఇప్పుడు లేదు. డాక్టరమ్మకు నా నమస్కారం. అయినా ఆమెను అనుమానంతో నిలదీసి, దాచాలనే ఆలోచన కూడా లేకుండా మా ఇంటి ఉపవాసం సంగతి చెప్పింది అత్తమ్మే. మీరు తీర్థం పుచ్చుకునేటప్పుడు, ఎవరినీ నమ్మని ఆ ముసలమ్మను ఒక్కసారి తలుచుకోండి.