మద్రాసులో మా అత్తకు నేను చూపించిన వింత

నా తెలివి మీద మీకేమైనా గౌరవం ఉంటే ఇక్కడే ఆగిపోండి. మద్రాసులో చూడదగ్గవి నేను ఎంచిన తీరు చెప్పాక ఆ గౌరవం దక్కదు.

పంతొమ్మిదివందల అరవై ప్రాంతం. నేను సత్తెనపల్లిలో గుమాస్తాని. అంతకుముందు ఒకసారి మద్రాసు చూసొచ్చాను గనక, మా ధరణికోటలో ఆ నగరం గురించి నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. నన్ను పెంచిన మేనత్త కోటమ్మ మాచర్ల వైపు క్వారీల్లో నలభై ఏళ్ళు రాళ్ళు మోసింది. ఆవిడ నన్ను అడిగింది జీవితం మొత్తంలో ఒక్కటే.

"ఒరేయ్ అబ్బాయ్, సముద్రం చూపియ్యరా. అవతలి ఒడ్డు కనపడదంటగా?"

బాపట్ల దగ్గర లేదా సముద్రం, అంటారు మీరు. ఉంది. చూస్తే మద్రాసులోనే చూడాలని తీర్పు చెప్పింది నేనే.

మద్రాసులో మాకున్నది ఒక్క పగలు. సాయంత్రమే తిరుగు రైలు. మేం దిగిన సత్రం పక్క కొట్టులో టూరిస్టు బస్సులకు టిక్కెట్లు అమ్ముతున్నారు. ఒక బస్సు సముద్రానికి, ఇంకోటి మ్యూజియానికి.

"మ్యూజియానికి రెండు," అన్నాను.

"ఏందిరా, సముద్రం బస్సు అదంటగా?"

"నీళ్ళ కోసం ఇంతదూరం రావాలా అత్తా? మన కృష్ణలో చానా ఉండయ్. మన దగ్గర లేనిది చూడాలి!"

కొట్టతను నసిగాడు. "పెద్దావిడ సముద్రం అంటున్నారు గదండీ."

"మద్రాసు సంగతి మీకు తెలియదులెండి," అన్నాను. మద్రాసువాడితో!

మ్యూజియంలో గైడు ఇంగ్లీషులో చెబుతుంటే నేను తెలుగులోకి దించుతున్నాను. ఒక హాలు నిండా చెక్కిన రాళ్ళు.

"ఇవి ఎక్కడో చానా దూరం నుంచి తెచ్చారంట అత్తా..."

"అమరావతి, గుంటూరు జిల్లా," అన్నాడు గైడు.

అమరావతి మా పక్కూరు. చుట్ట ఆరేలోగా నడిచిపోవచ్చు.

ఆ రెండు ముక్కలకు నా అనువాదం అవసరం లేకపోయింది. అత్త ఒక రాతిమీద అరచెయ్యి వేసి నిమిరింది. "మన పల్నాటి రాయేరా!" కాపలావాడు కేకేశాడు.

"ఏందంటన్నాడు?"

"ముట్టుకోగూడదంట."

"నలభై ఏళ్ళు నెత్తిన మోస్తే వద్దన్నోడు లేడు. ఇప్పుడు ముట్టుకోగూడదంటనా?" హాలంతా తిరిగి చూసేట్టు నవ్వింది. ఆ నవ్వుకు నేను సిగ్గుపడ్డాను. నా మీద నేను సిగ్గుపడటానికి మాత్రం ఇంకా టైము పట్టింది.

బస్సు దిగేసరికి రైలుకు వేళయింది. రైల్లో అన్నాను, "దసరాకి బాపట్ల తీసకపోతాలే అత్తా."

"సరేలేరా. సముద్రం యాడికి పోద్ది."

దసరాకు నాకు ఆఫీసు పని పడింది. ఎండాకాలం రాకముందే అత్త చనిపోయింది. సముద్రం మాత్రం ఉన్నచోటే ఉంది.

కాబట్టి మహాజనులారా, కుడిచెయ్యెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ నగరానికి వెళ్ళినా, నా వెంట వచ్చినవాళ్ళు చూడాలన్నదానికే టిక్కెట్టు కొంటాను. ఈ మాట నిలబెట్టుకోవడం చాలా తేలిక. నన్ను ఏదైనా చూపించమని అడిగే మనిషి ఇప్పుడు లేదు.