షోకేసులో రెండో అర

చోడవరంలో మొట్టమొదటి హోమ్ థియేటర్ కంప్యూటర్ బిగించింది నేనే. ఈ మాట ఇప్పటికి చాలామందికి చెప్పాను, ఎవరూ కాదనలేదు. నిజానికి ఊరంతా తిరిగి చూసినవాణ్ణి కాదు. మా వీధిలో మొదటిది అంటే ఒప్పుకుంటాను. అందులో కూడా ఎదురింటివాళ్లు ఎప్పుడూ తలుపులు వేసుకునే ఉంటారు, వాళ్ల హాల్లో ఏముందో నాకు తెలియదు.

అదేమిటో తెలియనివారి కోసం చెబుతున్నాను. టీవీ పక్కన కూర్చునే కంప్యూటర్ అది. సినిమాలు, పాటలు, పెళ్లి వీడియోలు, ఫోటోలు అన్నీ దాని కడుపులోనే ఉంటాయి. సోఫాలోంచి లేవకుండా ఏది కావాలంటే అది చూసుకోవచ్చు. లోపలి సామాన్లు ఎంచుకోవడం పెద్ద పని కాదు, కొట్టాయన చెప్పినదానికల్లా తలూపితే సరిపోతుంది. కష్టమంతా వాటిని పెట్టే డబ్బా దగ్గరే. కొట్లలో దాన్ని క్యాబినెట్ అంటారు. ఆఫీసులో బల్ల కింద దాక్కునే క్యాబినెట్ ఎలా ఉన్నా ఎవరికీ పట్టదు. హాల్లో పెట్టేది వచ్చినవాళ్ల కళ్లెదుట ఉంటుంది. మా హాల్లో ఏది ఉండాలో, ఏది అటక మీదికి పోవాలో తేల్చేది మా ఆవిడ.

అటక సంగతి కూడా చెప్పాలి. నేను చక్కెర మిల్లులో ఎలక్ట్రికల్ సెక్షన్ నడిపినవాణ్ణి. అంటే నడిపింది వేరే ఆయన, నేను స్పానర్లు పట్టుకుని ఆయన పక్కనే ఉండేవాణ్ణి. రిటైరయ్యాక ఆ అనుభవమంతా ఇంటి మీద ప్రయోగించాను. వాన చినుకు పడితే మేడ మీద బట్టలు తీయమని మోగే గంట చేశాను. అది మంచుకి కూడా మోగేది. ట్యాంకు నిండితే మోటారు దానంతటదే ఆగే ఏర్పాటు చేశాను. ఆగేది కానీ మళ్లీ తిరిగేది కాదు. అన్నీ ఒక్కొక్కటిగా అటక ఎక్కాయి. నేను చేసిన వస్తువు ఒక్కటైనా వచ్చేపోయేవాళ్లకి కనబడేచోట ఉండాలన్నది నా పంతం.

షోకేసులో టీవీ కింద రెండో అర అడిగాను. అక్కడ మా ఆవిడ ఇత్తడి కుందులు, గాజు ఏనుగులు ఉండేవి.

"ఇస్తాను," అంది. "రెండు షరతులు. సూడ్డానికి బాగుండాలి. చప్పుడు సెయ్యకూడదు. నాకు చప్పుడు ఇనబడిందా, మీ గంట పక్కకే పోద్ది."

ఆవిడ చెవి మామూలు చెవి కాదు. వంటింట్లో ఉండి, వీధి చివర మా స్కూటర్ ఆగిందని చెప్పగలదు. అయినా బల్ల గుద్ది ఒప్పుకున్నాను.

అర పదిహేడు అంగుళాల వెడల్పు, పదమూడు లోతు, ఆరు ఎత్తు. కాగితం మీద రాసుకున్న కొలతలను నమ్మకూడదన్నది మిల్లులో నేర్చుకున్న పద్ధతి. మాడుగుల హల్వా అట్టపెట్టెలు ఇంట్లో చాలా ఉంటే వాటిని కోసి, అతికించి, సరిగ్గా అరలో పట్టే డబ్బా ఒకటి తయారుచేశాను. అరలో పెట్టి చూపించాను. మా ఆవిడ డబ్బా వెనకాల చెయ్యి పెట్టబోయింది. చెయ్యి దూరలేదు.

"తీగెలు ఎక్కడినుంచి వస్తాయండీ, గాల్లోంచా?"

వెనకాల తీగెలకి చోటు వదలాలని నేను ముందే ఆలోచించానని అన్నాను. ఆలోచించలేదు. డబ్బాని లోతులో మూడంగుళాలు, ఎందుకైనా మంచిదని ఎత్తులో రెండు కోసి చిన్నది చేశాను.

ఆ అట్టడబ్బాని ఒళ్లో పెట్టుకుని విశాఖ బస్సెక్కాను. కంప్యూటర్ సామాన్ల కొట్టులో దాన్ని గాజుబల్ల మీద పెడితే కొట్టాయన వాసన చూసి, "స్వీట్లు తెచ్చేరా మాస్టారూ?" అన్నాడు. సంగతి చెప్పాను. ముందు నిలువుగా ఉండేది చూపించాడు. పక్కన అద్దం, లోపల ఇంద్రధనుస్సు దీపాలు. అది మా షోకేసులో పడుకోబెట్టినా పట్టదు. తరవాత నోటుపుస్తకం అంత బుల్లిది. అందులో పెద్ద హార్డ్ డిస్క్ పట్టదు, నా పెళ్లివీడియోలన్నీ ఎక్కడ పెట్టుకోను? చివరికి పై అరలోంచి దుమ్ము దులిపి ఒకటి దించాడు. బల్లపరుపుగా, నల్లగా, పాతకాలం వీసీఆర్ లాగా ఉంది. పైమూతకి వరసగా సన్నటి చీలికలు. నా అట్టడబ్బా పక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉన్నాయి.

"వేడి పైనుంచి పోద్ది. పైన ఏటీ పెట్టకండి," అన్నాడు కొట్టాయన.

"ముప్పై ఏళ్లు మోటార్ల మధ్య బతికినవాణ్ణి. నాకా చెబుతావు?" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

రెండు రోజుల్లో బిగించేశాను. మొదటిసారే ఆన్ అయింది. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు, నిజంగా మొదటిసారే ఆన్ అయింది. మా ఆవిడ పరీక్షకి కూర్చుంది. టీవీ నోరు మూయించింది, పైన తిరిగే ఫ్యాన్ ఆపించింది, కళ్లు మూసుకుంది.

"ఎక్కడో తేనెటీగ ఉన్నట్టుంది."

నా ప్రాణం అటక మీదికి పోయి వచ్చింది. అప్పుడు నోటికొచ్చిన ఉపాయం చెప్పాను. "ఫ్రిజ్జుకి, మిక్సీకి కుట్టినట్టు దీనికీ ఒక కవర్ కుట్టు. చప్పుడు లోపలే ఉండిపోతుంది."

ఆవిడ ముఖం వెలిగింది. మా ఇంట్లో కవర్ లేని యంత్రం లేదు. పాత పట్టుచీర అంచు తీసి, నాలుగు రోజులు కూర్చుని, పైన రెండు నెమళ్లు కుట్టింది. తొడిగేసరికి ఆ నల్లడబ్బా పెళ్లిపీటల మీద కూర్చున్నట్టుంది. తేనెటీగ కూడా కాస్త తగ్గింది. "అర ఇంక మీదే," అంది.

ఆ ఆదివారం బుచ్చయ్యపేట నుంచి మా బావమరిదిని పిలిచాను. చెరకు రైతు, నోరు కొడవలికన్నా పదును. అతని కూతురి పెళ్లి వీడియో పెడతానని చెప్పాను.

"ఏటి బావా, దీనికి చీర కట్టేసేవు?" అన్నాడు లోపలికి రాగానే. "నువ్వు మా ఇంట్లో రేడియో ఇప్పి బిగించినప్పుడు మూడు మరలు మిగిలిపోనాయి, గేపకముందా? ఇందులో ఎన్ని మిగిలినాయి?"

"సూడరా, సూసి మాట్లాడు," అంది మా ఆవిడ, నా తరఫున.

వీడియో పెట్టాను. తెర మీద పెళ్లికూతురు గౌరీపూజ చేసింది. బుట్టలో వచ్చింది. జీలకర్రా బెల్లం పెట్టే వేళకి టీవీ నల్లబడింది.

"ముహూర్తం తప్పిపోనాది బావా," అన్నాడు బావమరిది.

"కరెంటు హెచ్చుతగ్గులు," అన్నాను. కవర్ తీసి, మూత విప్పి, స్క్రూడ్రైవర్‌తో రెండు మూడు చోట్ల ముట్టుకుని, కాసేపు లోపలికి గంభీరంగా చూశాను. మళ్లీ ఆన్ చేస్తే పనిచేసింది. తాళి కట్టడం దాకా కవర్ లేకుండానే నడిచింది. "పర్లేదు, పనోడివే," అన్నాడు. నేను ఏమీ బాగు చెయ్యలేదు. మూత మీద చెయ్యి వేసినప్పుడే అరచెయ్యి చుర్రుమంది. నెమళ్ల కింద అది ఉడికిపోయింది.

మర్నాడు మా ఆవిడ కవర్ తొడిగింది. గంటలో మళ్లీ ఆగింది. ఆ మర్నాడూ అంతే.

"ఇంక దింపీసి పైన పెట్టీండి," అంది, కోపం లేకుండా. కోపం ఉంటే వాదించేవాణ్ణి. "మీరు బాగానే సేసేరు. దానికే ఓపిక నేదు."

రెండు రోజులు నోరు విప్పలేకపోయాను. నిజం చెబితే నాలుగు రోజుల కుట్టు దండగ. చెప్పకపోతే నా డబ్బా అటక మీదికి. కుర్చీ వేసుకుని, అరలోంచి డబ్బాని సగం బయటికి లాగాను కూడా. అప్పుడు చెప్పేశాను. యంత్రం బాగానే ఉందని, కవర్ వల్ల వేడెక్కుతోందని, కొట్టాయన ముందే చెప్పాడని, కవర్ మాట ఎత్తింది నేనే కాబట్టి తప్పు నెమళ్లది కాదని.

ఆవిడ వంటింటి వైపు చెయ్యి చూపించింది.

"మిక్సీకి కవర్ ఉంది కదా అని కవర్ ఏసి రుబ్బుతానేటండీ? మీకు తెలిసే కుట్టమన్నారనుకున్నాను."

డబ్బాని మళ్లీ లోపలికి తోయించి, ఆన్ చేయమంది. ఈసారి కళ్లు మూసుకోలేదు. అర చెక్క మీద అరచెయ్యి పెట్టింది.

"ఇది ఫ్యాన్ చప్పుడు కాదు. చెక్క గుయ్యిమంటంది."

పాత కుక్కర్ గాస్కెట్ తెచ్చి, నాలుగు ముక్కలు కోసి, డబ్బా నాలుగు మూలల కింద పెట్టింది. తేనెటీగ ఎగిరిపోయింది. తరవాత కత్తెర తీసింది. వద్దనబోయాను, వినలేదు. పైన చీలికలు ఉన్నంత మేరా పట్టు కోసేసి, పక్కల కూడా కోసి, దోమతెర గుడ్డ వేసి కుట్టింది. ఒక నెమలికి తోక పోయింది. నేను గంటగంటకీ మూత మీద చెయ్యి వేసి చూశాను. గోరువెచ్చగా ఉంది, అంతే.

ఆరు నెలలైంది. ఒక్కసారి కూడా ఆగలేదు. దుమ్ము కూడా ఆ తెరకే ఆగిపోతోంది. వారానికోసారి కవర్ ఉతికితే చాలు, లోపల అద్దంలా ఉంటుంది. గాజు ఏనుగులు కింది అరలో సర్దుకున్నాయి. ఇంటికొచ్చినవాళ్లు టీవీకన్నా ముందు దాన్నే చూస్తారు, ఎవరు చేశారని అడుగుతారు. లోపలిది నాది, పైది మా ఆవిడది అని గర్వంగా చెబుతున్నాను. మొదట వచ్చిన ఇద్దరు ముగ్గురికి మాత్రం దోమతెర ఆలోచన కూడా నాదేనని చెప్పాను. ఆ వేళ ఆవిడ వంటింట్లో ఉంది. ఆవిడ చెవి సంగతి తెలిసి కూడా అలా చెప్పాను.