నాన్న ఫొటో వెతికిన మధ్యాహ్నం

ఆఫీసు పని మీద పటాన్‌చెరులో ఉండగా మా ఆవిడ ఫోన్ చేసింది. మా ఇల్లు ఉప్పల్‌లో, నగరానికి ఆ చివర.

"మామ పొద్దుగాల చాయ్ తాగి బయటికి పోయిండు. ఇంకా రాలే. నాచారం దాకా ఎతికిన."

నాన్నకు అప్పటికే మతిమరుపు ముదిరింది. స్టేషన్‌కు పోయి చెబితే పోలీసులు ఫొటో తెమ్మన్నారట. ఇంట్లో కాగితం మీద ఒక్క ఫొటో కూడా లేదు. అది నా నిర్వాకమే. కంప్యూటరు కొన్న కొత్తలో ఆల్బములన్నీ స్కాన్ చేయించి, ఇక వీటితో పనేముందని వరంగల్‌లో అక్కకు ఇచ్చేశాను. ఆ కంప్యూటరును ఇంట్లో ఎవరినీ తాకనిచ్చేవాణ్ని కాదు. మా ఆవిడ దాని మీద కప్పిన గుడ్డ దులిపినా కసురుకునేవాణ్ని.

ఫోను హాల్లో, కంప్యూటరు లోపలి గదిలో. నేను ఒక మాట చెప్పగానే ఆమె రిసీవరు బల్ల మీద పెట్టి పరుగెత్తేది. అడుగుల చప్పుడు వింటూ కూర్చునేవాణ్ని.

"ఫొటోలని ఏడా రాసిలేదు."

"ఆఫీస్ అని ఉంటుంది చూడు. అది తెరువు."

"ఫొటోలకు ఆఫీస్ అని పేరేంది?"

ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదని నేనే అలా పెట్టాను.

"ఉన్నయ్. అన్నీ నంబర్లే. మామది ఏది?"

నాకూ తెలియదు. పేర్లు తర్వాత పెడదామని వదిలేశాను. "ఒక్కోటీ తెరిచి చూడు. మౌస్ రెండుసార్లు నొక్కాలి."

ఆమె ఆగి ఆగి నొక్కినట్టుంది. "బొమ్మ రాలే. పేరు సుట్టు డబ్బా వచ్చింది."

"ఇంకేం నొక్కకు! ఫొటో చెరిపేస్తావు!" అని అరిచాను. ఆఫీసులో అందరూ తిరిగి చూశారు.

"గిప్పుడు అరుసుడేంది? ఒక్కనాడన్న నేర్పినవా? ముసలాయన ఏ రోడ్డు మీదున్నడో ఏమో."

ఉప్పల్ మీదుగా పోయే వరంగల్ రోడ్డు మీద లారీలు కళ్లముందు తిరిగాయి. "తప్పు నాదే. ఖాళీ జాగాలో ఒకసారి నొక్కు, డబ్బా పోతుంది. తర్వాత టకటకా రెండుసార్లు."

ఈసారి ఆమె వెనక్కి రాలేదు. లోపలి నుంచే అరుస్తోంది. ఆ రోజుల్లో బొమ్మ పైనుంచి కిందికి మెల్లగా దిగేది.

"అక్క పెండ్లిది... ఇది కాదు... ఇది పిల్లలది..."

మధ్యలో కంప్యూటరు ఆగిపోతే ఏమిటి గతి? కరెంటు పోతే?

"గోడ... క్యాలెండరు... తెల్ల ఎంట్రుకలు... మామే! మామే!"

పక్కనున్న ప్రింటరులో ఏది నొక్కాలో నేను చెప్పగా, ప్రింటు తీసుకుని ఆమె స్టేషన్‌కు పరుగెత్తింది. నేను బస్సెక్కాను. ఉప్పల్‌లో దిగేదాకా రోడ్డు పక్కన నడిచే ప్రతి ముసలాయన ముఖమూ చూశాను.

ఇల్లు చేరేసరికి నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నారు. మేడిపల్లిలో ఒక బియ్యం కొట్టు అరుగు మీద కూర్చుని ఉంటే, కానిస్టేబులు ఆ కాగితం చూసి పోల్చుకుని తీసుకొచ్చాడట. ఇప్పుడా ఫొటో నాన్న ఒళ్లో ఉంది. దాన్నే చూస్తూ అడిగారు:

"ఎవలు బిడ్డా ఈయన?"

మా ఆవిడ అంది: "తప్పిపోయిండు మామా."

"అయ్యో పాపం. ఇంట్లోళ్లు ఎంత బుగులు పడుతుండ్రో. జల్ది ఎతుకుండ్రి."

మా ఆవిడ లేచి వెళ్లి వీధి తలుపుకు పై గడియ పెట్టింది.