అవ్వ దిద్దిన ప్రశ్నలు

మంగళవారం పొద్దున ఆఫీసులో పాత ఫారాల కట్ట విప్పుతుండగా సోమందేపల్లె నుంచి ఫోను వచ్చింది. అవ్వ కూతురు. "అక్కా, మాయమ్మ పోయింది. తెల్లారి లేపేకి పోతే లేయలేదు. మొదట నీకే చెప్పల్లనిపించింది" అంది. వాళ్ళ ఇల్లు హైవే పక్కనే కాబట్టి, ఫోనులో లారీల చప్పుడు కూడా వినిపిస్తూ ఉంది.

అవ్వ అంటున్నాను గానీ, ఆమె నాకు ఏ వరసా కాదు. పదేళ్ళకు పైగా అలా పిలిచి పిలిచి అవ్వ అయిపోయింది. తొంభైల చివర్లో, బెళుగుప్ప దగ్గరి ఒక పల్లెలో, అట్టకు బిగించిన కాగితాలు పట్టుకుని వాళ్ళ గుమ్మం ముందు నిలబడిన రోజు నాకు ఆమె ఒక వరుస నంబరు మాత్రమే.

అప్పటికి నేను అనంతపురంలో సైకాలజీ డిగ్రీ ముగించి ఖాళీగా ఉన్నాను. ముసలివాళ్ళలో మతిమరుపు ఎలా మొదలవుతుంది, ఎవరికి ముదురుతుంది, ముందుగా పసిగట్టడానికి వీలుంటుందా అని ఒక డాక్టరు గారు పల్లెల్లో పరిశోధన పెట్టుకున్నారు. ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలడిగే పని నాకు దొరికింది. ప్రశ్నల కాగితం ఏదో దూరదేశంలో తయారై, తెలుగులోకి మారి, నా చేతికి వచ్చింది. సరైన జవాబుకు మార్కు. మార్కులు ఒక హద్దు కిందికి పోతే "అనుమానం" అని రాయాలి. నాకు అంతే తెలుసు. అంతకన్నా తెలుసుకోవలసింది ఉంటుందని కూడా అప్పుడు తెలియదు.

ఆ ఇంట్లో ఇద్దరే ఉండేవారు. అవ్వ, ఆమె భర్త. ఆయన బడిపంతులుగా చేసి రిటైరయినవాడు. ఊరంతా ఆయనను అయివారు అనే పిలిచేది. రోహిణి కార్తె ఎండ. నేను వాకిట్లో అడుగు పెట్టగానే అవ్వ గట్టిగా, "ఓ, అనంతపురం పాప వచ్చినాది! ముసలోళ్ళను ఏందో అడిగేకి వస్తారని దండోరా వేసిరి గదా, ఆ పాప!" అని లోపలికి వినపడేలా అంది. అంత గట్టిగా ఎందుకు చెప్పిందో నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

మొదట ఆమెను కూర్చోబెట్టాను.

"ఈ రోజు ఏం తేదీ అవ్వా?"

"తేదీతో నాకేం పని పాపా? రోహిణి మూడో పాదం నడుస్తాండాది. ఇంగ నాలుగు దినాలకు మృగశిర."

తేదీకి సున్నా వేశాను. నెలకు సున్నా.

"వందలో నుంచి ఏడు తీసేస్తే ఎంత?"

"వంద ఏమి? గొర్రెలా, చెనిక్కాయ మూటలా?"

"ఏదైనా ఒకటే అవ్వా."

"ఒగటే ఎట్లయితాది? గొర్రెలైతే ఆ ఏడు యాడికి పోయినాయో చూడల్ల గదా."

సున్నా. తర్వాత కాగితం మీద ఉన్న బొమ్మ చూసి వేయమని పెన్సిలిచ్చాను. ఆమె దాన్ని పిడికిట్లో రోకలిలా పట్టుకుంది. "ఇట్ల కాదు గానీ, నాలుగు చుక్కలు పెట్టు, ముగ్గేసి చూపిస్తా" అంది. ఒక వాక్యం రాయమన్నప్పుడు మాత్రం నవ్వడం మానేసి తల దించుకుంది. నాకు అదీ పట్టలేదు. అంతకుముందు నేను చెప్పి గుర్తుంచుకోమన్న మూడు మాటలు ఇప్పుడు గుర్తున్నాయా అంటే, తడుముకోకుండా "చెంబు, గుర్రం, నిమ్మకాయ. ఏం పాపా, గుర్రానికి చెంబులో నిమ్మకాయ నీళ్ళా?" అంది. మూడు మార్కులు వేశాను. అయినా హద్దుకు చాలా కిందే ఉంది. "అనుమానం" అని రాశాను.

తర్వాత అయివారు. ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో ఆ రోజు పేపరు. తేదీ, నెల, సంవత్సరం గడగడా చెప్పాడు. వందలో నుంచి ఏడేడు తీసేస్తూ కిందికి దిగాడు. ముత్యాల్లాంటి అక్షరాలతో "విద్య లేని వాడు వింత పశువు" అని రాసి ఇచ్చాడు. చెంబు, గుర్రం, నిమ్మకాయ ఒక్కటీ గుర్తు రాలేదు. "ముసలితనమమ్మా" అని హాయిగా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ గంటలో ఆయన నన్ను మూడు సార్లు మీది ఏ ఊరు అని అడిగాడు. అభిమానం అనుకున్నాను.

ఫలితం ఇంటివాళ్ళతో చెప్పకూడదన్నది మా పనిలో మొదటి నియమం. అనుమానం ఉన్నవాళ్ళను డాక్టరు గారే వచ్చి చూడాలి. కానీ బస్సు కోసం నిలబడినప్పుడు, పుట్టింటికి వచ్చి ఉన్న అవ్వ కూతురు నా పక్కనే నిలబడి "మాయమ్మ ఎట్లుండాది?" అని అడిగింది. కొత్త ఉద్యోగం, కొత్త గొప్ప. "మతిమరుపు మొదలైనట్టుంది. పొయ్యి దగ్గరికి ఎక్కువ పోనీయొద్దు. తాళాలూ మాత్రలూ మీ నాయనకు అప్పజెప్పండి" అన్నాను. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను బస్సెక్కి, మంచి పని చేశాననుకుంటూ ఊరు చేరాను.

మూడు వారాల తర్వాత మళ్ళీ ఆ పల్లెకు వెళ్ళేసరికి వాళ్ళ వీధిలో జనం గుమిగూడి ఉన్నారు. ఇంటికి బయట తాళం. కిటికీ ఊచల వెనుక అవ్వ. కూతురు తాళంచెవులు నాయనకు అప్పజెప్పి సోమందేపల్లెకు వెళ్ళిపోయింది. ఆ పొద్దున అయివారు అవ్వను లోపలుంచి తాళం వేసి, చెవి తీసుకుని ఎటో పోయాడు. పక్కింట్లో మిషను కుట్టే దర్జీ సాయిబు సుత్తితో తాళం కొడుతున్నాడు.

తాళం ఊడింది. అవ్వ బయటికి వచ్చి ముందు అతనితోనే మాట్లాడింది. "ఆయప్ప బడికి పోయింటాడు. ఈ బడి కాదు, పాత బడి, వంక అవతల కూలిపోయిందే, ఆడికి. పోయి ఇంటికి రా సారూ అంటే రాడు. పేర్లు పిలుస్తాంటాడు. నీ పేరు వచ్చేదాకా నిలబడు. వచ్చినప్పుడు పలుకు. బడి ఇడిచిపెట్టినాక తోలుకొని రా."

దర్జీ సైకిలెక్కాడు. నేను అరుగు మీద కూర్చుండిపోయాను. అవ్వ నా దగ్గరకు రాలేదు, కోప్పడలేదు. ఆ వాగు వైపే చూస్తూ నిలబడింది. రెండు గంటలు పట్టింది. సైకిలు నడిపించుకుంటూ దర్జీ, పక్కన అయివారు, ఎండకు కందిపోయిన ముఖాలతో కనిపించారు. ఆయన కాళ్ళకు చెప్పులు లేవు.

దర్జీ చెమట తుడుచుకుంటూ చెప్పాడు. "గోడల మధ్యన నిలబడి హాజరు పిలుస్తాన్నాడమ్మా. మా జత చదివినోళ్ళంతా వరసగా. ఒగరు పలకలేదని బాధపడతాండాడు. నా పేరు వచ్చినాది. ఉన్నా సార్ అన్నా. అప్పుడు నవ్వినాడు." ఆ మాట అని అతను తన ఇంట్లోకి వెళ్ళిపోయాడు. కాసేపటి దాకా మిషను చప్పుడు వినబడలేదు.

అయివారి కాళ్ళు కడిగి, మజ్జిగ తాగించి, పడుకోబెట్టాక అవ్వ నా పక్కన కూర్చుంది.

"నీ కాగితంలో మనుషులు తారుమారైనారు పాపా" అంది.

రెండేళ్ళుగా ఆమె ఒంటరిగా మోస్తున్నదంతా అప్పుడు విన్నాను. పొద్దున్నే చొక్కా, పంచె వేసుకునే వరసలో మంచం మీద పెట్టేది. పేపరు వేసే వాణ్ణి తేదీ అడిగి ఆయనకు వినిపించేది. ఎవరైనా గుమ్మంలోకి వస్తే, వాళ్ళెవరో ఏ ఊరో తనే గట్టిగా చెప్పేది, ఆయన తడబడకుండా.

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదవ్వా?"

"చెప్తే ఏమైతాది? పిచ్చి అయివారు అంటారు. ఊరందరికీ అక్షరాలు దిద్దిచ్చినోడు. ఆ పేరుతో పోవల్లనా?"

నాకు ఏడుపు ఆగలేదు. తప్పు నాదే, నేను చెప్పిన మాట వల్లే మీ అమ్మాయి తాళాలు అయివారికి ఇచ్చింది అన్నాను. ఆమె నా అట్టను తీసి, దారానికి వేలాడుతున్న పెన్సిలు చివర చూపించింది. "దీనికి ఈ పక్క రబ్బరుండాది గదా. ఎందుకు పెట్టినారు మరి? తప్పు రాస్తారనే కదా. దిద్దుకో."

ఆ రాత్రే డాక్టరు గారికి ఉన్నదున్నట్టు రాశాను. నేను నియమం మీరిన సంగతితో సహా. ఉద్యోగం పోతుందనుకున్నాను. వారంలో ఆయనే జీపు వేసుకుని వచ్చాడు. నన్ను గట్టిగానే మందలించి, తర్వాత అవ్వ ఇంట్లో చాప మీద కూర్చున్నాడు.

"అవ్వా, ఈ ప్రశ్నలు పనికిరావని తేలింది. ఏం అడగాలో నువ్వు చెప్పు" అన్నాడు.

ఆమె సిగ్గుపడలేదు. "అయ్యా, రానిదాన్ని మర్చిపోయేది ఎట్ల? నాకు లెక్కలు రావు. రానిది అడిగి, మతి పోయింది అని రాసుకుంటే ఎట్ల? మనిషికి వచ్చినదేమో చూడు. ఆ వచ్చినది పోయిందా, ఉండాదా, అది అడుగు. వాళ్ళను అడిగేది కాదు, వాళ్ళతో కాపురం చేసేటోళ్ళను అడుగు."

ఇన్నేళ్ళలో నేను ఎన్ని తరగతుల్లో కూర్చున్నా, ఇంతకన్నా తేటగా ఈ విషయం ఎవరూ చెప్పగా వినలేదు.

ఆ ఏడాది అవ్వ వాకిట్లోనే ప్రశ్నలు మారాయి. తేదీ బదులు కార్తె. తీసివేతల బదులు పోయిన పంటలో ఏ చేన్లో ఏం వేశారో. ప్రతి ఇంట్లో ఇంటి మనిషిని విడిగా కూర్చోబెట్టి, "ముందు చేసేది, ఇప్పుడు చేయలేకపోతున్నది ఏమైనా ఉందా" అని అడగడం. నేను ఉత్సాహపడి, రాగి సంగటి ఎలా చేస్తారో వరసగా చెప్పమనే ప్రశ్న అందరికీ చేర్చాను. అవ్వ పడిపడి నవ్వింది. "మగోళ్ళను సంగటి అడిగితే ఊర్లో ఒగనికీ మతి లేదని రాసుకుంటావు! వాళ్ళను గొర్రు కట్టేది అడుగు." వీధిలో ఆడవాళ్ళంతా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. గొర్రుతో విత్తనం వేసే ప్రశ్న అలా వచ్చి చేరింది.

దాచడం కూడా ఆమె ఆ ఏడాదే మానేసింది. ఒకరోజు వీధి కుళాయి దగ్గర బిందెలన్నీ వరసలో ఉండగా, తనే అందరికీ చెప్పింది. "ఆయప్పకు తలకాయలో జబ్బు. కాలిరిగినట్టు, కన్ను మసకైనట్టు, ఇదీ జబ్బే. ఎవురన్నా నవ్వితే నాతో మాట పోతాది." ఎవరూ నవ్వలేదు. నవ్వకపోగా, తమ ఇళ్ళల్లో అత్త గురించో మామ గురించో ఒక్కొక్కరే వచ్చి ఆమె చెవిలో చెప్పుకున్నారు. డాక్టరు గారి దగ్గరకు మేం పంపిన వాళ్ళకన్నా అవ్వ పంపినవాళ్ళే ఎక్కువ.

అయివారు ఆ తర్వాత ఐదేళ్ళు బతికాడు. నేను వెళ్ళిన చాలా పొద్దుల్లో ఆయన మంచం మీద కూర్చుని హాజరు పిలుస్తూ ఉండేవాడు. అవ్వ చిమ్ముతూ, అంట్లు తోముతూ, చెనిక్కాయలు వలుస్తూ ప్రతి పేరుకూ "ఉన్నా సార్" అనేది. మగపిల్లవాడి పేరైతే గొంతు కాస్త లావు చేసేది. విసుగు రాదా అవ్వా అంటే, "బడికి పోలేదు గదా నేను. ఇప్పుడు పోతాండా" అంది. ఆయనను తిట్టిన రోజులూ ఉన్నాయి. ఒకసారి అన్నం పళ్ళెం విసిరేస్తే, వంటింట్లోకి వెళ్ళి గోడకు తల ఆనించుకుని నిలబడింది. నన్ను చూసి, "ఇది రాసుకోవాకు" అంది. రాసుకోలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఏమీ అనుకోదనే అనిపిస్తోంది.

ఆయన పోయాక కూతురు ఆమెను సోమందేపల్లెకు తీసుకుపోయింది. ఆ కూతురికీ నాకూ మధ్య ఉండవలసిన కోపాన్ని కూడా అవ్వే ఎప్పుడో తీసేసింది. నేను ఏడాదికోసారి వెళ్ళేదాన్ని. ప్రతిసారీ, "నన్నూ అడుగు పాపా" అని కాళ్ళు చాపుకుని కూర్చునేది. అన్నీ చెప్పి, మార్కులెన్ని వచ్చాయని అడిగేది.

ఒక ఏడాది కార్తె దగ్గర ఆగింది. ఆరుద్ర తర్వాత ఏమిటో అందలేదు. నేను తలదించుకుని కాగితం తిప్పబోతే, నా చేయి పట్టుకుంది.

"తిప్పాకు. రాయి. నాకూ మొదలైంది. నాకు తెలుస్తానే ఉండాది."

కూతుర్ని పిలిచి, నా ముందే చెప్పింది. "ఇంగ ముందర నేను ఇంటికి పోతా, ఇంటికి పోతా అంటాను. ఇదే నీ ఇల్లు అని కొట్లాడాకు. నాలుగడుగులు నా జత నడువు. అలిసిపోయి నేనే తిరుక్కుంటా." కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడేళ్ళ పాటు ఆ పిల్ల సాయంత్రాలు హైవే పక్క రోడ్డు మీద తల్లితో నడిచింది. ఒక్కరోజు కూడా ఇంటికి తాళం వేయలేదు.

ఆఖరుసారి నేను వెళ్ళింది మొన్న మాఘమాసంలో. అవ్వ నన్ను గుర్తు పట్టలేదు. ఫారం సంచిలోంచి తీయలేదు నేను. ఊరికే పక్కన కూర్చున్నాను. ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసి, "ఎవురమ్మా నువ్వు? ఎండన పడి వచ్చినావు. ఏమన్నా తింటివా?" అంది. తిన్నానన్నా వినలేదు. లోపలికి వెళ్ళి, డబ్బాలు తెరిచి మూసి, మరమరాల డబ్బాలోంచి గుప్పెడు బొరుగులు తెచ్చింది. నా అరచేతిలో పోసి, ఒక్కటీ కింద పడకుండా నా వేళ్ళను ఒకటొకటిగా మడిచి, పైన తన చేయి పెట్టింది. "దావలో తిను. బిన్నా పో, బస్సు వస్తాది."

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కండక్టరు వస్తే ఎడమ చేత్తోనే తడుముకుని టికెట్టు తీసుకున్నాను. పెనుకొండ దాటింది, కొండ వెనుకబడింది. కుడిచేతి పిడికిలి అలాగే ఒళ్ళో ఉంది.