వస్తామన్న పద్నాలుగు మంది

ఆ రోజుల్లో పిలుపుకి ఒక మర్యాద ఉండేది. పెళ్ళికి పిలిస్తే అందరూ 'తప్పకుండా వస్తాం' అనేవాళ్ళు. రాదలచుకోనివాళ్ళు ఆ మాట మరింత గట్టిగా అనేవాళ్ళు. ముఖం మీద 'రాను' అన్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఇది మీకూ నాకూ తెలిసిందే గానీ, దీన్ని వ్యాపార సూత్రంగా కనిపెట్టిన మహానుభావుడు మాత్రం ఒక్కడే. తార్నాక చౌరస్తాలో ఒక బేకరీ మీద, రెండో అంతస్తులో ఉండే ఆయన ఆఫీసులోనే నా మొదటి ఉద్యోగం. మాటకు ముందూ వెనకా టార్గెట్ అనేవాడు కాబట్టి మేం ఆయనకి టార్గెట్ సార్ అని పేరు పెట్టుకున్నాం. (మేం అంటే నేనూ, గోడ మీద బల్లీ. ఆ ఆఫీసులో ఇంకో ఉద్యోగి లేడు.)

మేం అమ్మేది వేలిముద్రతో హాజరు తీసుకునే యంత్రం. బొటనవేలు ఆనిస్తే, గుర్తుపట్టినప్పుడు ఆడగొంతుతో 'థాంక్యూ' అంటుంది, పట్టకపోతే 'ప్లీజ్ ట్రై అగైన్' అంటుంది. దాన్ని పక్కనే ఉన్న యూనివర్సిటీకి అమ్మాలని మా సంకల్పం. తెలంగాణ ఉద్యమం మాంచి ఊపు మీదున్న కాలం. క్యాంపస్‌లో క్లాసు జరగకపోవడం మామూలు, జరిగితే విశేషం. సరిగ్గా అలాంటి చోట హాజరు యంత్రం అమ్మాలనుకున్న తెలివి మాది. పద్నాలుగు డిపార్ట్‌మెంట్ల హెడ్‌లకి ఐదు నెలలపాటు ఉత్తరాలు రాశాను, మెయిళ్ళు పంపాను, ఫోన్లు చేశాను. ఒక్కరూ ఉలకలేదు, పలకలేదు. స్వయంగా వెళ్తే గుమ్మం దగ్గర అటెండరు తల కూడా ఎత్తకుండా, "సార్ మీటింగ్‌ల ఉన్నడు" అనేవాడు. వాళ్ళలో గడ్డం సార్ అని ఒకాయన ఒక్కసారి వరండాలో నాకు దొరికారు. నేను బ్యాగు జిప్పు తీసేలోపే ఆయన స్కూటరు గేటు దాటిపోయింది.

నాకేమో ఆర్నెల్ల ప్రొబేషన్ అయిపోవస్తోంది. "నెలాఖరులోగా ఒక్క హెడ్‌నైనా ఎదురుగా పెట్టుకుని డెమో ఇవ్వు. లేదా వేరే ఉద్యోగం చూసుకో" అన్నాడు టార్గెట్ సార్. డిగ్రీ అయ్యాక రెండేళ్ళు ఇంట్లో ఖాళీగా కూర్చుని, వచ్చిన చుట్టానికల్లా 'ప్రయత్నిస్తున్నానండి' అని చెప్పి చెప్పి విసిగినవాణ్ణి. ఈ ఉద్యోగం దొరగ్గానే మా అమ్మ సీతాఫల్‌మండిలో మా వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా 'మా వాడు మేనేజరు' అని చాటి వచ్చింది. ఇప్పుడది ఊడితే వీధిలో తలెత్తుకుని నడిచేదెలా అని నిజంగానే భయపడ్డాను. అన్నం సహించేది కాదు.

ఒక గురువారం టార్గెట్ సార్ కుర్చీ నా దగ్గరకి లాక్కుని తన సూత్రం బయటపెట్టాడు. "చూడవయ్యా, జవాబివ్వనివాణ్ణి ఇంకోసారి అడక్కూడదు. మీటింగ్ ఖాయమైపోయినట్టు నేరుగా ఇన్విటేషన్ పంపించెయ్యాలి. కంప్యూటర్లో అతని క్యాలెండర్లో అదే వెళ్ళి కూర్చుంటుంది. కింద మూడు బటన్లుంటాయి. యస్, నో, మేబీ. మనవాళ్ళు చచ్చినా నో నొక్కరు. మొహమాటం!"

"ఎందుకు మీటింగో రాయాలి కదండీ?"

"రాస్తే పారిపోతారు. యంత్రం మాట వద్దు, కంపెనీ పేరూ వద్దు. ఉత్త మీటింగ్ అని పెట్టు."

అలాగే పెట్టాను. 'మీటింగ్. మంగళవారం, ఉదయం పదకొండు గంటలు. స్థలం: తార్నాక చౌరస్తా.' ఒక్కొక్కరికీ విడిగా పంపమన్నాడు గానీ, నేను బద్ధకించి పద్నాలుగు పేర్లూ ఒకే ఇన్విటేషన్లో కుక్కి పంపేశాను. ఎవరెవర్ని పిలిచామో అందరికీ కనిపిస్తుందన్న సంగతి తర్వాత తట్టింది. శుక్రవారమంతా చడీచప్పుడూ లేదు. శనివారం పొద్దున గడ్డం సార్ దగ్గర్నుంచి మొదటి యస్ వచ్చింది. మధ్యాహ్నానికి ఆరు, సాయంత్రానికి పద్నాలుగు. ఒక్క నో లేదు, ఒక్క మేబీ లేదు. టార్గెట్ సార్ నన్ను కావలించుకున్నాడు. టెంట్‌హౌస్ నుంచి కుర్చీలు తెప్పించాడు, కింద బేకరీలో ముప్ఫై సమోసాలు చెప్పాడు. ఆదివారం మా నాన్న పేపర్లోంచి తల బయటపెట్టి, "మంగళవారం బస్సులు నడవవటరా, బయటికెళ్ళకు" అన్నారు. "నాకు మీటింగ్ ఉంది నాన్నా" అన్నాను, మేనేజరు గొంతుతో. ఎందుకు నడవవో అడిగి ఉంటే ఈ కథే లేదు.

మంగళవారం ఇస్త్రీ చొక్కా, అరువు టై, భుజాన యంత్రంతో నడిచి ఆఫీసు చేరాను. పదకొండు కొట్టింది. కుర్చీలు ఖాళీ. పదకొండుంబావు. సమోసాలు చల్లబడుతున్నాయి. కిందనుంచి మాత్రం డప్పుల మోత, నినాదాలు. బాల్కనీలోకి వెళ్ళి చూస్తే చౌరస్తా నడిబొడ్డున రాళ్ళ పొయ్యిలు, వాటి మీద గుండిగలు, చుట్టూ వందలాది జనం. ఆ రోజు వంటా వార్పు! రోడ్డు మీదే వండుకుని, రోడ్డు మీదే తిని నిరసన తెలిపే కార్యక్రమం. ఆ గుండిగల పక్కన పద్నాలుగు మంది హెడ్‌లూ ఉన్నారు. ఒకాయన బియ్యం కడుగుతున్నారు, ఒకాయన కూరగాయలు తరుగుతున్నారు, గడ్డం సార్ తలకి తువ్వాలు చుట్టి గరిటె తిప్పుతున్నారు. మాటిచ్చినట్టే అందరూ తార్నాక చౌరస్తాకి పదకొండింటికే వచ్చారు. టార్గెట్ సార్ నా భుజం పట్టుకుని, "వెళ్ళు, వెళ్ళి పైకి తీసుకురా" అన్నాడు. తను మాత్రం బాల్కనీ దాటలేదు.

మెట్లు దిగుతూ టై తీసి జేబులో పెట్టుకున్నాను. మాటల్లో 'అండి' రాకూడదని గట్టిగా నిశ్చయించుకున్నాను. మా తాతది గుంటూరు పక్క పల్లె. ఆ జనంలో నా యాస నన్ను పట్టించేస్తుందని భయం. గడ్డం సార్ దగ్గరకి వెళ్ళి, "సార్, మీటింగ్… నేను పంపిన… మీటింగ్‌కి వచ్చినారు కదండీ" అన్నాను.

ఆయన గరిటె ఆపారు. "గా మెయిల్ నువ్వు పంపినవా? మన ఉద్యమ జేఏసీ వాళ్ళు పంపిన్రనుకున్న గదా! అందరి పేర్లున్నయ్, మంగళారం అన్నది, తార్నాక అన్నది. ఎస్ కొట్టిన." పక్కనున్నవాళ్ళని పిలిచి, "ఇగో, మనల పిలిచినోడు గీ పిలగాడంట!" అన్నారు. అందరూ మూగారు. "ఇంతకీ ఏం మీటింగ్ బిడ్డా?" అని అడిగారొకరు.

ఉద్యోగం కళ్ళముందు కదిలింది. బ్యాగులోంచి యంత్రం తీసి, బ్యాటరీ మీద వెలిగించి, ఐదు నెలలుగా అద్దం ముందు అప్పజెప్పుకున్న ఉపన్యాసం మొదలుపెట్టాను. 'గుర్తుపడితే థాంక్యూ అంటుందండి' అన్న రెండో వాక్యానికే గడ్డం సార్ అడ్డొచ్చారు. "క్లాసులే నడుస్తలేవు, ఎవల హాజరు తీస్తవ్ రా?" అంటూనే పసుపు అంటిన బొటనవేలు దాని మీద పెట్టారు. 'ప్లీజ్ ట్రై అగైన్' అంది యంత్రం. (ముందుగా పేరూ వేలిముద్రా నమోదు చేస్తేనే అది మనిషిని గుర్తుపడుతుంది. కంగారులో ఆ ముక్క మరిచాను.) ఇంకొకరు పెట్టారు. 'ప్లీజ్ ట్రై అగైన్.' వరసగా పద్నాలుగు మందీ, వాళ్ళ వెనకాల విద్యార్థులూ పెట్టారు. అది అలసట లేకుండా అదే మాట అంటోంది, జనం విరగబడి నవ్వుతున్నారు. ఏడవలేక నేనూ నవ్వాను.

"ఏ ఊరు మీది?" అన్నారు గడ్డం సార్, కళ్ళు తుడుచుకుంటూ.

"సీతాఫల్‌మండి అండి."

"గా అండి ఏడిదో చెప్పు."

"గుంటూరు పక్కనండి."

ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసి, గట్టిగా కేకేశారు. "అరే, గుంటూరోడు దొరికిండు! కిచిడీల కారం గీయనే ఎయ్యాలె. ముందుగాల గీడ కూసొని ఉల్లిగడ్డలు కొయ్యి." బుద్ధిగా కూర్చుని కోశాను. కంటినిండా నీళ్ళు వస్తున్నా, ఉల్లిపాయల మధ్య కాబట్టి ఎవరూ కారణం అడగలేదు. తర్వాత అదే బంతిలో, రోడ్డు మీద, విస్తరాకులో నాకూ వడ్డించారు. కారం కాస్త ఎక్కువైంది. ఎవరూ వంక పెట్టలేదు. ఇంత హాయిగా కడుపునిండా తిని ఎన్నాళ్ళయిందో అనిపించింది.

పైకి వెళ్ళేసరికి టార్గెట్ సార్ ఏడో సమోసాలో ఉన్నాడు.

"డెమో ఇచ్చావా?"

"ఇచ్చానండి."

"ఎంతమందికి?"

"పద్నాలుగు మందికీ ఇచ్చానండి. అందరూ యంత్రం ముట్టుకుని చూశారు."

"శభాష్! ఏమొచ్చింది జవాబు?"

"మళ్ళీ ప్రయత్నించమని వచ్చిందండి."

నెలాఖరుకి నన్ను పర్మనెంటు చేశాడు. ఆ యంత్రం మాత్రం యూనివర్సిటీకి ఒక్కటీ అమ్ముడుపోలేదు. ఏడాది తిరక్కుండానే ఆయన కంపెనీ మూసేసి, ఇన్వర్టర్ల వ్యాపారంలోకి వెళ్ళిపోయాడు.

రాష్ట్రం వచ్చింది. నేను ఇంకో కంపెనీలో చేరి, అమ్మ ఏనాడో ఇచ్చిన మేనేజరు పదవికి నిజంగానే చేరుకున్నాను. కొన్నేళ్ళకి ఒకరోజు నా క్యాలెండర్లోకి ఒక ఇన్విటేషన్ వచ్చి కూర్చుంది. 'మీటింగ్. శనివారం, ఉదయం పదకొండు గంటలు. స్థలం: మా డిపార్ట్‌మెంట్.' పంపింది, ఉల్లిగడ్డలు కోయించిన నాటి నుంచీ పండక్కో పబ్బానికో ఫోన్ చేస్తూ వచ్చిన గడ్డం సార్. ఆ రోజు ఆయన రిటైర్మెంట్ సభ. నవ్వుకుంటూ, సంతోషంగా, వెంటనే యస్ నొక్కాను. నొక్కి, వెళ్ళలేదు. ఆ శనివారం పదకొండింటికి కొత్తగా చేరిన సేల్స్ పిల్లల్ని కూర్చోబెట్టుకుని, జవాబివ్వనివాళ్ళకి మీటింగ్ ఇన్విటేషన్లు ఎలా పంపాలో నేర్పుతున్నాను.

సాయంత్రం ఫోనొచ్చింది. "ఏం బిడ్డా, ఎస్ కొట్టినవ్ గద?"

"ఆఫీసులో అర్జెంటు పని పడిందండీ…"

"మీటింగ్‌ల ఉన్నవా?" అన్నారు. అవతల కాసేపు నవ్వి, గొంతు సన్నం చేసి, "ప్లీజ్ ట్రై అగైన్" అని పెట్టేశారు.

నవ్వొచ్చింది, అంతకంటే ఎక్కువ సిగ్గేసింది. మర్నాడు ఆదివారం, చెప్పాపెట్టకుండా బౌద్ధనగర్‌లో వాళ్ళింటి తలుపు కొట్టాను. గడ్డం పూర్తిగా తెల్లబడిన గడ్డం సార్ తలుపు తీశారు. నా కుడిచేతి బొటనవేలు పట్టుకుని తమ తలుపు చట్రానికి ఆనించి, అదే ఆడగొంతుతో "థాంక్యూ" అన్నారు.

ఐదు నెలలు వీపున మోసి తిరిగిన ఆ యంత్రం ఆ మాట అనగా వినడం నాకు అదే మొదటిసారి.