కామాతో సహా బయటపడిన హంతకురాలు

1954. కర్నూలు రాజధాని అయిన కొత్త. ప్రభుత్వం గుడారాల్లో, మా ప్రెస్సు రేకుల కొట్టంలో. నేను కంపోజిటర్ని, అంటే సీసపు అక్షరాలు ఏరి వాక్యాలు పేర్చేవాణ్ణి. పెళ్లిపత్రికలు తప్ప ఎరగని మాకు ఒక మర్మ నవల వచ్చిపడింది. పాడుబడ్డ బంగళా, మేడమీద తాళం వేసిన గది, అందులో రాత్రిళ్లు దీపం. పెళ్లిపత్రికల్లోనూ కొంత భయం ఉంటుంది గాని, ఇంత కాదు.

చివరి ఫారం, అంటే ఒకేసారి అచ్చయ్యే పదహారు పేజీలు, ఇంకా ప్రూఫులో ఉండగానే రచయిత, నవల ముగింపు ఊళ్లో పొక్కిపోయిందని మండిపడుతూ వచ్చాడు. గడ్డం గీస్తూ మంగలి, "చంపింది వంటాయన కాదంట సామీ, కామా, కండ్లు లేని అవ్వంట" అన్నాడట. గొంతు మీద కత్తి ఉండగా ఈయన ఏమనగలడు?

యజమాని శెట్టిగారి అనుమానం కాపీ హోల్డర్ ఖాసిం మీద పడింది. ఖాసిం రాతప్రతిని పైకి చదువుతాడు, ప్రూఫురీడరు అచ్చుతో సరిచూస్తాడు.

"ఇది నీ పనేనప్పా. కాదంటావా, శనివారం లోపల దొంగను పట్టియ్యి, లేకుంటే పనిలోకి రావద్దు."

"అల్లా తోడు శెట్టిగారూ! అన్నం పెట్టనని బెదిరించినా నా పెండ్లానికే చెప్పలేదు."

ఇక అందరూ అందరినీ అనుమానించారు. నవ్వుతున్నానని నన్ను మరీ అనుమానించారు. నాకు మాత్రం ఆ కామా మింగుడుపడలేదు. కామాను నోటితో పలికేది లోకంలో కాపీ హోల్డర్ ఒక్కడే.

మరునాడు ఖాసిం రెండో ప్రూఫుకు కూర్చోగానే వెనక సందులోని ఓబులేసు టీ అంగడికి పోయాను. జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక్కడూ నోరు మెదపడం లేదు. కర్నూల్లో టీ అంగడి మూగబోయిందంటే ఎక్కడో నేరం జరుగుతున్నట్టే.

"ఏమప్పా, ఎవరన్నా పోయినారా?"

"ఉష్! అవ్వ తలుపు తీస్తాండాది. ఈడ కూచో" అన్నాడు ఓబులేసు.

మా ప్రెస్సు కిటికీలోంచి ఖాసిం గొంతు: "కిర్రుమని తలుపు తెరుచుకున్నది, ఫుల్‌స్టాప్!" ఆ కిర్రు కూడా అతనే అంటున్నాడు. గుడ్డిదానికి ఆ గదిలో దీపం ఎందుకని అడిగాను. ఎవరూ పట్టించుకోలేదు.

శెట్టిగారిని పిలుచుకొచ్చి బెంచీమీద కూర్చోబెట్టాను. "బయటపెట్టింది ఖాసిమే. ప్రూఫురీడరుకు చెవుడు, గట్టిగా చదువు అన్నది మీరు."

"ఉండప్పా," అన్నారు శెట్టిగారు, "అవ్వ దీపం ఆర్పనీ."

ఖాసిం ఉద్యోగం దక్కింది. కిటికీ మూతపడింది. ప్రెస్సులో గుట్టు పోతే మనుషుల కన్నా ముందు కిటికీలను అనుమానించాలని నేను నేర్చుకున్నాను. రచయిత మాత్రం పంతం కొద్దీ ఆఖరి ఫారం తిరగరాసి, హత్యను వంటాయన మీదికి తోశాడు. రెండో పాఠం అప్పుడు దొరికింది. పుస్తకం రాగానే ఓబులేసు దాన్ని తెచ్చి నా ముందు పడేశాడు.

"శానా పెద్ద అచ్చుతప్పు ఉండాది. చంపింది అవ్వ గదప్పా!"